పన్నెండో తరగతి ఇంగ్లిష్ పరీక్షలో వ్యాసం: బట్టీ పట్టకుండా ఎలా సిద్ధం కావాలి?

ప్రీ బోర్డు పేపర్లు దిద్దుతున్న ఒక రాత్రి ఒక అమ్మాయి జవాబు దగ్గర ఆగిపోయాను. శుభకార్యాల్లో ఆహారం వృథా అవుతున్న తీరుపై స్కూలు పత్రికకు వ్యాసం రాయమన్నది ప్రశ్న. ఆమె రాసింది పర్యావరణ కాలుష్యం గురించి. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు, ఎందుకంటే అది గైడులోంచి పొల్లు పోకుండా దిగిన వ్యాసం. చివరి రెండు వాక్యాల్లో మాత్రం ఆహారం అనే మాటను ఇరికించింది.

మర్నాడు పిలిచి తెలుగులో అడిగాను: "ఈ మధ్య మీ ఇంట్లో పెళ్లి ఏదైనా జరిగిందామ్మా?" అక్క పెళ్లి జరిగిందట. అన్నం మిగిలిందా అంటే ఇక ఆగలేదు. ఇరవై రెండు రకాలు వండించారని, చేతులు కడుక్కునే చోట పెట్టిన డబ్బా నిండా కొరికి వదిలేసిన బూరెలూ పులిహోరా ఉన్నాయని, పెరుగన్నం వడ్డించే వేళకు విస్తళ్ల ముందు సగం మంది లేరని, తెల్లవారాక మిగిలిన గిన్నెల వైపు నాన్న చూడలేకపోయారని చెప్పింది. అయిదు నిమిషాల్లో అయిదు మార్కుల వ్యాసం పూర్తయింది. అది ఆమె నోట్లో ఉంది, పేపరు మీదికి రాలేదు, అంతే.

నోట్లో ఉన్నదాన్ని పేపరు మీదికి ఎలా తేవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. సీబీఎస్ఈ పన్నెండో తరగతి ఇంగ్లిష్ కోర్ పరీక్షను దృష్టిలో పెట్టుకున్నాను. నవోదయ, కేంద్రీయ విద్యాలయాల్లో, ప్రైవేటు స్కూళ్లలో చదివే తెలుగు పిల్లలు వేలమంది ఈ పరీక్ష రాస్తున్నారు. ఇంటర్ బోర్డు పరీక్ష రాసేవారికి ప్రశ్నల తీరు, మార్కుల లెక్క వేరు. అయినా ప్రశ్నను చదవడం, ఆలోచించడం, రాసినదాన్ని మళ్లీ రాయడం గురించి చెప్పేవన్నీ వారికీ పనికొస్తాయి.

ముందు పేపరును తెలుసుకోండి

ఇటీవలి సంవత్సరాల పద్ధతి ప్రకారం రాత పరీక్ష 80 మార్కులకు, సమయం 3 గంటలు. మిగిలిన 20 మార్కులు స్కూల్లోనే వేస్తారు. 80లో చదివి అర్థం చేసుకునే భాగానికి 22, రచనకు 18, పాఠ్యపుస్తకాలకు 40. రచనలో నోటీసు, ఆహ్వానం లేదా దానికి జవాబు 4 మార్కుల చొప్పున వస్తాయి. వీటిని 50 పదాల్లోపు రాయాలి. ఉత్తరానికి 5, వ్యాసం లేదా నివేదికకు 5 మార్కులు. ఇవి 120 నుంచి 150 పదాలుండాలి. పాఠాల మీద వచ్చే రెండు పెద్ద ప్రశ్నలకూ ఇదే కొలత, ఇవే మార్కులు. అంటే ఒకే నిడివి ఉన్న నాలుగు రచనలు కలిసి 20 మార్కులు. మీరు చేయాల్సిన సాధనంతా ఈ 150 పదాల లోపలే ఉంది.

150 పదాలంటే ఎంతో చేతికి తెలియాలి. మీ దస్తూరిలో ఒక వరుసకు ఎన్ని పదాలు పడతాయో ఒక్కసారి లెక్కపెట్టండి. ఎనిమిది పడితే పందొమ్మిది వరుసలు. పరీక్షలో పదాలు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవారిని చూశాను. వరుసల లెక్క ముందే తెలిస్తే ఆ బాధ ఉండదు.

బోర్డు ప్రతి ఏడాదీ నమూనా ప్రశ్నపత్రాన్ని, దానితోపాటు మార్కులు ఎలా వేయాలో చెప్పే పత్రాన్ని తన సైటులో ఉచితంగా పెడుతుంది. పిల్లలు మొదటిది దించుకుంటారు, రెండోదాన్ని తెరవరు. తెరవండి. ఫార్మాట్‌కు, విషయానికి, చెప్పిన తీరుకు, భాష శుద్ధికి విడివిడిగా మార్కులుంటాయని అక్కడ కనిపిస్తుంది. గొప్ప ఇంగ్లిష్‌కు అందులో ప్రత్యేకమైన గడి ఏమీ లేదు. మీ ఏడాదికి మార్పులేమైనా ఉంటే అవీ అందులోనే తెలుస్తాయి.

ఫార్మాట్ మార్కు పోగొట్టుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఎందుకంటే అది తెలివితో సంబంధం లేని మార్కు. ఉత్తరంలో పంపేవారి చిరునామా, తేదీ, అందుకునేవారి చిరునామా, విషయం, సంబోధన, చివర సంతకం చోటు. వ్యాసానికి శీర్షిక, దాని కింద రాసినవారి పేరు. ఈ పేరు మీది కాకూడదు. ప్రశ్నలో ఇచ్చిన కల్పిత పేరే రాయాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక్కో రూపాన్ని అయిదేసి సార్లు రాస్తే ఈ పని అయిపోతుంది. ఇక దీని గురించి ఆలోచించనక్కరలేదు.

ప్రశ్నను పెన్సిలుతో చదవండి

బోర్డు పరీక్షలో ప్రశ్నపత్రం 10:15కు చేతికి వస్తుంది, 10:30కు రాయడం మొదలవుతుంది. ఆ 15 నిమిషాలు రచన ప్రశ్నలకూ పెద్ద ప్రశ్నలకూ ఖర్చుపెట్టండి. ఇంట్లో సాధన చేసేటప్పుడు ప్రతి ప్రశ్నకూ నాలుగు సంగతులు వెతికి గీత గీయడం అలవాటు చేసుకోండి: రాస్తున్నది ఎవరు, ఎవరికోసం, ఏ రూపంలో, ఏ పని చేయమంటున్నారు.

ఆఖరిదే అసలైనది. కారణాలు చెప్పమన్నారా, పరిష్కారాలు సూచించమన్నారా, రెండింటినీ పోల్చమన్నారా, ఫలానా మాటతో ఏకీభవిస్తారా అని అడిగారా? పరిష్కారాలు అడిగిన ప్రశ్నకు పిల్లలు ముప్పావు వంతు సమస్య వర్ణించి, చివర ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని ఒక్క వాక్యం రాసి ముగిస్తారు. ప్రశ్న కింద సూచనలు ఇస్తే అవన్నీ మీ జవాబులో కనిపించాలి, వాటికి మీ ఆలోచన కూడా తోడవ్వాలి. ఇచ్చిన సూచనలనే వాక్యాలుగా సాగదీస్తే విషయం మార్కులు పూర్తిగా రావు.

ఆలోచన తెలుగులోనే చేయండి

ఇంగ్లిష్‌లో రాయాలంటే ఇంగ్లిష్‌లోనే ఆలోచించాలని చాలామంది ఉపాధ్యాయులు చెబుతారు. వారి ఉద్దేశం మంచిదే. కానీ పదిహేడేళ్లు తెలుగు ఇంట్లో పెరిగిన పిల్లలు ఇంగ్లిష్‌లో ఆలోచించబోతే, ఆలోచనలకు బదులు గైడు వాక్యాలు గుర్తుకొస్తాయి. మనిషి జీవితానికి ఆహారం అవసరం, భారతదేశం అభివృద్ధి చెందుతున్న దేశం అంటూ మొదలవుతుంది. అందుకే నా విద్యార్థులకు ఖాళీ కాగితం ఇచ్చి, మొదటి నాలుగు నిమిషాలు తెలుగులో మాట్లాడుకోమంటాను. సిగ్గుపడాల్సిన పని లేదు. ఆలోచనకు ఏ భాషైనా ఒకటే, వాక్యం దగ్గరే భాష మారుతుంది.

పెళ్లి భోజనాల ప్రశ్ననే తీసుకుందాం. ఆ అమ్మాయితో కలిసి కాగితం మీద ఇలా వేసుకున్నాం. మొదట ఒక్క వాక్యంలో ఆమె అభిప్రాయం: వృథాకు కారణం తినేవారి నిర్లక్ష్యం కంటే వడ్డించేవారి ఆడంబరం. ఇది చర్చకు నిలబడే మాట. ఆహారం వృథా చేయడం తప్పు అని రాస్తే ఎవరూ కాదనరు, కాబట్టి చెప్పడానికీ ఏమీ మిగలదు. తర్వాత ఆ మాటకు ఆధారం: ఇరవై రెండు రకాల్లో మనిషి తినగలిగేవి ఏడెనిమిది. తర్వాత ఫలితం: వండిన అన్నంతో పాటు దాన్ని పండించిన నీరు, రైతు శ్రమ, వండిన గ్యాసు కూడా డబ్బాలో పడ్డాయి. చివరికి పరిష్కారం. ఇక్కడ ఆమె ఒక చక్కటి మాట చెప్పింది. శుభలేఖతో పాటే ఎంతమంది వస్తారో ఫోనులో అడిగి తెలుసుకోవాలని, రకాలు పదికి తగ్గించి, మిగిలేదాన్ని తీసుకెళ్లే అనాథాశ్రమం వారితో ముందు రోజే మాట్లాడుకోవాలని. వండాక మాట్లాడితే ఆలస్యమై పాడైపోతుందని కూడా తనే అంది.

అభిప్రాయం, ఆధారం, ఫలితం, పరిష్కారం. 150 పదాల వ్యాసానికి నాలుగు మెట్లు చాలు, ఒక్కో మెట్టుకు రెండు మూడు వాక్యాలు. ఈ కాగితం మీద తెలుగు, ఇంగ్లిష్ కలగాపులగంగా ఉన్నా ఫర్వాలేదు. పరీక్షలో ఈ చిత్తు పనికి మూడు నాలుగు నిమిషాలకు మించి తీసుకోకండి. పూర్తయ్యాక దాని మీద అడ్డంగా గీత కొట్టేయండి.

మొదటి వాక్యం గురించి ఒక మాట. కంఠస్థం చేసిన సూక్తులతో మొదలుపెట్టకండి. గాంధీజీ అనని మాటలు గాంధీజీ పేరుతో, అబ్దుల్ కలాం చెప్పని మాటలు కలాం పేరుతో ఎన్నో పేపర్లలో చూశాను. మీరు చూసిన ఒక దృశ్యంతో మొదలుపెట్టండి. చేతులు కడుక్కునే చోట నిండిన డబ్బా అనే వాక్యం ఇంగ్లిష్‌లో పది పన్నెండు పదాలు. మూడొందల పేపర్లు దిద్దే మనిషి ఆ వాక్యం దగ్గర కాస్త ఆగి చదువుతారు.

పాఠాల మీద పెద్ద ప్రశ్న: కథ చెప్పకండి

పాఠ్యపుస్తకంలో బిహార్‌లోని చంపారన్ నీలిమందు రైతుల పాఠం ఉంది కదా. చంపారన్‌లో గాంధీజీ సాధించింది రైతులకు దక్కిన డబ్బు కంటే పెద్దదని వివరించమని అడిగారనుకోండి. తొంభై శాతం జవాబులు 1916 లక్నో కాంగ్రెస్ సభలో రాజ్‌కుమార్ శుక్లా అనే రైతు గాంధీజీని కలవడంతో మొదలై, పట్నా, ముజఫర్‌పూర్, మోతీహారి మీదుగా ప్రయాణిస్తాయి. 150 పదాలూ దారిలోనే అయిపోతాయి. ప్రశ్నకు జవాబు రానే రాదు.

ఇక్కడ కూడా ముందు అభిప్రాయం చెప్పండి: డబ్బు తక్కువే దక్కింది, కానీ భయం పోయింది. తర్వాత పాఠంలోంచి ఆధారాలు ఏరండి. రైతుల నుంచి అన్యాయంగా వసూలు చేసిన డబ్బులో సగం తిరిగి ఇమ్మని గాంధీజీ అడిగితే తోటల యజమానులు 25 శాతం ఇస్తామన్నారు, ఆయన ఒప్పుకున్నారు. ఎందుకు? ఎంత తిరిగి ఇచ్చారన్నదానికన్నా, ఇవ్వక తప్పలేదన్నది వారి పరువును దెబ్బతీసింది కాబట్టి. గాంధీజీని విచారణకు పిలిచిన రోజు మోతీహారి కోర్టు చుట్టూ వేలమంది రైతులు చేరడం భయం పోయిందనడానికి రెండో ఆధారం. ఆండ్రూస్ అనే ఇంగ్లిష్ మిత్రుడు సాయంగా ఉంటానంటే గాంధీజీ వద్దనడం మూడోది, ఆయన మీద ఆనుకుంటే సొంత కాళ్ల మీద నిలబడటం అలవడదని. మూడు ఆధారాలు, ఒక్కోదాని వెంట అది మీ అభిప్రాయాన్ని ఎలా బలపరుస్తోందో చెప్పే వాక్యం. ఆ రెండో వాక్యమే మార్కు తెచ్చేది, పిల్లలు వదిలేసేదీ అదే.

కాబట్టి పాఠాలు చదివేటప్పుడు సారాంశాలు రాసుకోవడం మానండి. ప్రతి పాఠానికీ ఒక పేజీ కేటాయించి, ఏ ప్రశ్నకైనా ఆధారంగా నిలిచే సంఘటనలు అయిదారు రాసుకోండి. ఈ మధ్య రెండు పాఠాల్లోని పాత్రలను పక్కపక్కన నిలబెట్టి అడిగే ప్రశ్నలు, ఒక పాత్రగా ఊహించుకుని డైరీయో ప్రసంగమో రాయమనే ప్రశ్నలు కూడా వస్తున్నాయి. అలాంటప్పుడు సారాంశం బట్టీ పట్టినవారు బిత్తరపోతారు. సంఘటనలు చేతిలో ఉన్నవారికి పని సులువు.

తెలుగు వల్ల వచ్చే తప్పులు

ఇది నాకు ఇష్టమైన భాగం. మన పిల్లల ఇంగ్లిష్‌లో తప్పులు గాలివాటంగా రావు, వాటిలో చాలావాటికి తెలుగులో కారణం ఉంది. కారణం తెలిస్తే తప్పును మీరే పట్టుకోగలరు.

తెలుగులో 'ఎ', 'ది' వంటి మాటలు లేవు. "పుస్తకం కొన్నాను" అంటే సరిపోతుంది, ఏదో ఒక పుస్తకమా, ఆ పుస్తకమేనా అన్నది సందర్భమే చెబుతుంది. అందుకే రాసేటప్పుడు అవి జారిపోతాయి. లెక్కించదగిన ఏకవచన నామవాచకం ఒంటరిగా కనిపిస్తే దాని ముందు ఏదో ఒకటి ఉండాలని గుర్తు. దిద్దుకునేటప్పుడు ఈ ఒక్క తప్పు కోసమే ఒకసారి మొత్తం చదవండి.

మనం "దాని గురించి చర్చించాం" అంటాం. ఆ 'గురించి' ఇంగ్లిష్‌లోకి 'అబౌట్'గా దిగి, 'డిస్కస్' పక్కన చేరుతుంది. అక్కడ అది అక్కరలేదు. "తిరిగి వచ్చాడు" అనే అలవాటు 'రిటర్న్' పక్కన 'బ్యాక్' తెస్తుంది. "నాకు తెలుసు", "నా దగ్గర ఉంది" అనే అర్థాలు చెప్పబోయి 'నోయింగ్', 'హావింగ్' అని రాయడం కూడా మామూలే. తెలియడం, ఇష్టపడటం, కలిగి ఉండటం వంటి స్థితులకు సాధారణంగా ఆ రూపం వాడరు.

'అని' మరో చిక్కు. "నేను వస్తాను అని రవి చెప్పాడు" అనే వాక్యంలో 'నేను' రవే. తెలుగు ఇతరుల మాటను ఉన్నదున్నట్టు పెట్టి 'అని' చేర్చేస్తుంది. ఇంగ్లిష్‌లో అదే మాట పరోక్షంగా చెప్పాలంటే 'నేను' కాస్తా 'అతను' అవుతుంది, కాలం ఒక మెట్టు వెనక్కి వెళ్తుంది. నివేదికలు రాసేవారు దీన్ని ప్రత్యేకంగా సాధన చేయాలి.

ఇక అన్నిటికన్నా పెద్దది వాక్యం పొడవు. తెలుగులో "ఊరికి వెళ్లి, చెరువు చూసి, పెద్దలతో మాట్లాడి, వివరాలు రాసుకుని వచ్చాం" అంటే అందంగా నడుస్తుంది. ఒకే కర్త, ఒకే ముగింపు క్రియ. దీన్ని ఇంగ్లిష్‌లోకి దించితే 'అండ్'ల గొలుసు అవుతుంది, మధ్యలో కర్త మారిపోతుంది, కాలాలు కలగలిసిపోతాయి. చిన్న వాక్యాలు రాయండి. ఒక వాక్యంలో ఒకే పని. పదిహేను పదాలు దాటుతుంటే చుక్క పెట్టి కొత్తది మొదలుపెట్టండి. చిన్న వాక్యాలు రాస్తే చిన్నపిల్లల రాతలా ఉంటుందేమోనని భయపడతారు. నిజానికి వాటిలో ఆలోచన మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ఒకే వ్యాసాన్ని మూడుసార్లు రాయండి

ముప్పై వ్యాసాలు ఒక్కోసారి రాసినవారికంటే పది వ్యాసాలు మూడేసిసార్లు రాసినవారే ఎక్కువ ఎదగడం చూశాను. ఈ ఒక్క పనైనా చేయండి, మిగతావన్నీ వదిలేసినా ఫర్వాలేదు.

మొదటి రోజు గడియారం పక్కన పెట్టుకుని, చిత్తుతో కలిపి 15 నిమిషాల్లో రాయండి. మర్నాడు దాన్ని గట్టిగా చదవండి. నాలుక తడబడిన చోట వాక్యంలో ఏదో తేడా ఉంటుంది. తర్వాత ఉపాధ్యాయుల దగ్గరికి తీసుకెళ్లండి. మొత్తం దిద్దమని అడిగితే నలభై మంది పేపర్ల మధ్య వారికి తీరిక దొరకకపోవచ్చు. "ఈ వ్యాసంలో నా అభిప్రాయం ఒక్క వాక్యంలో తెలుస్తోందా సార్?" అని అడగండి, లేదా "కాలాల తప్పులు మాత్రం చూపించండి మేడమ్" అనండి. అలా అడిగిన విద్యార్థిని నేనెప్పుడూ వెనక్కి పంపలేదు. దిద్దింది చూసి, పాత కాగితం మూసేసి, మూడో రోజు రెండోసారి రాయండి. పది రోజుల తర్వాత, మొదటి రెండూ చూడకుండా, మూడోసారి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే మీకే ఆశ్చర్యం కలుగుతుంది.

తప్పుల కోసం విడిగా ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. తప్పు వాక్యం, సరైన వాక్యం, ఎందుకు తప్పిందో తెలుగులో ఒక మాట. నెల తిరిగేసరికి మీ తప్పులు ఆరేడు రకాలేనని తేలుతుంది. అవి ఎవరికి వారివే ఉంటాయి, ఏ గైడులోనూ దొరకవు.

చదవడానికి రోజూ ఇంగ్లిష్ పత్రిక తెచ్చుకునే వీలుంటే సంపాదకీయాలతో మొదలుపెట్టకండి, అవి బరువుగా ఉండి విసిగిస్తాయి. పాఠకుల ఉత్తరాల శీర్షిక చదవండి. వాటిలో చాలావరకు మీ పరీక్ష జవాబు అంతే ఉంటాయి. ఒక సామాన్య పాఠకుడు అంత చోటులో ఒక అభిప్రాయాన్ని ఎలా ఇమిడ్చాడో చూడండి. రోజుకొక ఉత్తరం తీసుకుని, అందులోని అభిప్రాయాన్ని, ఆధారాన్ని తెలుగులో ఒక్కో వాక్యంగా చెప్పండి. ఆ తర్వాత దానికి ఎదురు వాదన చేస్తూ ఇంగ్లిష్‌లో అయిదు వాక్యాలు రాయండి.

రెండు నెలలు ఉంటే వారానికి ఒక కొత్త వ్యాసం, ఒక ఉత్తరం, ఒక పాఠం ప్రశ్న చాలు. మిగతా రోజులు వాటిని తిరగరాయడానికే. ఆఖరి రెండు వారాల్లో పూర్తి పేపరు మూడు గంటలు కూర్చుని కనీసం మూడుసార్లు రాయండి. ఫోనుల మీద రాయడానికి అలవాటుపడిన వేళ్లు గంటన్నరకే నొప్పెడతాయి, దానికీ సాధన కావాలి.

పరీక్ష గదిలో

నేను చెప్పే సమయం లెక్క ఇది: చదివి అర్థం చేసుకునే భాగానికి 40 నిమిషాలు, రచనకు 50, పాఠాలకు 75, చివరి 15 దిద్దుకోవడానికి. రచనతో మొదలుపెట్టాలా పాఠాలతోనా అన్నది మీ ఇష్టం. ప్రీ బోర్డులో ఏ వరుస నప్పిందో అదే పాటించండి, ఆ రోజు కొత్త ప్రయోగాలు వద్దు.

తెలిసిన అంశం వచ్చిందని సంబరపడిన చోటే జాగ్రత్త. స్కూల్లో రాసిన వ్యాసం పూర్తిగా గుర్తుకొచ్చి చేయి దానంతటదే కదులుతుంది. అప్పుడే పెన్ను ఆపి, ప్రశ్న మరోసారి చదివి, గీత గీసిన నాలుగు సంగతులు చూసుకోండి. ఏమీ తెలియని అంశం వస్తే కంగారుపడకుండా మీ ఇల్లు, మీ వీధి, మీ స్కూలు, మీ ఊరు వరుసగా తలుచుకోండి. వాటిలో ఎక్కడో ఒకచోట ఆ అంశం మీకు తగిలే ఉంటుంది.

చివరి 15 నిమిషాల్లో జవాబులన్నీ మొదటినుంచి చదవబోకండి, సమయం చాలదు. ముందు ప్రశ్న సంఖ్యలు సరిపోయాయో చూడండి. తర్వాత ఉత్తరంలో తేదీ, విషయం, వ్యాసానికి శీర్షిక, దాని కింద పేరు. ఆ తర్వాత ఆ నాలుగు పెద్ద రచనలను మీ తప్పుల పుస్తకంలో తరచుగా వచ్చిన రెండు తప్పుల కోసం మాత్రమే చదవండి. దిద్దాల్సి వస్తే ఒక్క గీతతో కొట్టేసి పైన స్పష్టంగా రాయండి.